తందూరు గదిలో దుమాన్

డిసెంబర్ 2

అందరూ క్షేమమేనా? రాయడం మొదలుపెట్టేటప్పుడు ముందు ఇలా అడగాలని ఆడవాళ్ళ బడిలో పంతులమ్మ నేర్పింది. ఉత్తరాలకని నేర్పింది. ఉత్తరం రాయడానికి నాకెవరున్నారు గనక, అందరూ ఫోనుల్లోనే. అందుకని నాలో నేనే అడుగుతున్నా.

హిదిర్, నా కొడకా, తుంటి ఎలా ఉంది? రాడ్డు వేసిన చోట చలికి లాగుతోందా? గుల్ఫెర్, తల్లీ, అన్నని చూసుకుంటూ నీ ఒళ్ళు పాడుచేసుకోవడం లేదు కదా? సివాస్ పట్నంలో మీ ఇంటి మెట్ల మీద మంచు పడితే జారుతుంది, చూసి నడువు. నాజిక్, కోడలా, నువ్వు పక్క గదిలోనే దగ్గుతున్నావు, అడిగితే "ఏం లేదత్తా" అంటావు. గొర్రెలు బాగున్నాయి. నా మోకాళ్ళ సంగతి అడక్కూడదు.

దుమాన్, నువ్వెలా ఉన్నావురా? మందని కాసే మా కుక్క, వాకిట్లో మంచు తవ్వుకుని, తోకలో ముక్కు దూర్చుకుని పడుకున్నాడు. వీపంతా తెల్లగా అయిపోయింది. తెలియనివాళ్ళు మంచు దిబ్బ అనుకుంటారు. నా శాలువా తీసి కప్పబుద్ధేస్తోంది.

ఊరి పెద్ద రుస్తెం ఆగా వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. ఊరి గొర్రెలన్నీ వేసవికి ఎవరి చేతికి అప్పజెప్పాలో మార్చిలో తేలుస్తారు, అందులో ఆయనదే చివరి మాట.

"ఎల్మాస్ చెల్లీ, హిదిర్ కాలు కుంటినా మాకు పట్టింపు లేదు. దుమాన్ ఉన్నాడుగా, వాడు ఇద్దరు మనుషుల పెట్టు. వాణ్ణి జాగ్రత్తగా నిలబెట్టు. వాడు పనికిరాకపోతే మాత్రం మందని ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది. తర్వాత నా మీద అలగొద్దు."

జాగ్రత్తగా నిలబెట్టమన్నాడు. నాకంటే జాగ్రత్తపడేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారు?

డిసెంబర్ 5

హిదిర్ ఫోన్ చేశాడు.

"అమ్మా, దుమాన్‌ని రోజూ కొండ ఊట దాకా తిప్పండి. నీ వల్ల కాకపోతే నాజిక్ వెళ్తుంది. మంచు పడ్డా సరే. గొర్రెలు కొట్టంలో ఉంటే వాడికి పని ఉండదు, పని లేకపోతే కండ కరిగిపోతుంది. నడిచిన రోజు బార్లీ సంకటి నిండుగా పెట్టు, నడవని రోజు సగమే. నీళ్ళు గడ్డకట్టకుండా చూడు. లోపలికి మాత్రం తేవద్దు."

"బయట రాళ్ళు పగిలే చలిరా."

"వాడికి చలి లేదమ్మా. నీకే."

డిసెంబర్ 9

ఇవాళ తిప్పాను. ఊట దాకా వెళ్ళాం. వాడు ముందు పరుగెత్తడం, ఆగి నాకోసం వెనక్కి చూడడం, మళ్ళీ పరుగెత్తడం. మంచులో దొర్లాడు కూడా, పిల్లాడిలా. ఊట దగ్గర అడుగులు కనిపించాయి. కుక్కవి కావు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. వాడేమో ఆ అడుగులు వాసన చూసి, జూలు నిక్కబొడుచుకుని, కొండ వైపు ఒక్క అరుపు అరిచాడు. పట్టుకుని లాక్కొచ్చాను.

డిసెంబర్ 11

కింది ఊళ్ళో ఒక కుక్కని తోడేళ్ళు చంపాయట. దాని మెడకి కట్టిన మేకుల పట్టీ ఒక్కటే మిగిలిందని నాజిక్ విని వచ్చింది. చెబుతూ నా మొహం చూసి మధ్యలో ఆపేసింది.

దుమాన్‌కి ఏమన్నా అయితే హిదిర్‌కి నేనేం చెప్పను? మంద పోతుంది. మంద లేని హిదిర్‌ని ఊహించుకోలేను, పదేళ్ళప్పుడు పట్టుకున్నాడు కర్ర.

వాణ్ణి తందూరు గదిలో పెట్టాను. ఇంట్లోకి తేలేదు. తందూరు గది వాకిలికి అవతల ఉంది, కుక్క తిరిగే చోట నమాజు కూడదంటారు, నేనక్కడ నమాజు చేయను, కాబట్టి తప్పేమీ లేదు. రొట్టెలు కాల్చాక గది పొద్దుపోయేదాకా వెచ్చగానే ఉంటుంది. ఈ ఒక్క రోజుకే.

డిసెంబర్ 12

ఇవాళ కూడా మబ్బుగా ఉంది. ఇంకొక్క రోజు.

డిసెంబర్ 15

మంచు. రేపు తిప్పుతా.

డిసెంబర్ 16

గాలి. రేపు.

డిసెంబర్ 20

హిదిర్: "తిప్పుతున్నారా?"

"రోజూ" అన్నాను.

నాజిక్ అప్పుడే పాలగిన్నెతో లోపలికొచ్చింది. గిన్నె కాస్త గట్టిగా పెట్టింది.

డిసెంబర్ 28

ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నా, నాకు బాగుంది. నేను పిండి పిసుకుతుంటే వాడు గోడవారన పడుకుని ఊపిరి తీస్తుంటాడు, పెద్దమనిషిలాగా, మధ్యమధ్యలో నిట్టూరుస్తూ. నేనేదైనా అంటే ఒక చెవి కదుపుతాడు. మొదటి రొట్టె వాడిదే, వెన్న రాసి. నడవని రోజు సగమే పెట్టమన్నాడు హిదిర్. ఆ కళ్ళు చూసి సగం పెట్టడం హిదిర్‌కి చేతనవుతుందేమో, నా వల్ల కాదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర నాజిక్ తన రొట్టెని వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. "అత్తా, ఈ రొట్టెకి మీసాలు మొలిచాయి."

"తీసేసి తిను."

"గడ్డం కూడా వస్తుందేమో, రేపటిదాకా చూస్తా."

నవ్వొచ్చింది. మా ఇద్దరికీ నవ్వొచ్చి చాలా రోజులైంది. నవ్వు ఆగాక తను అంది, "తందూరు గది తలుపు తీద్దాం అత్తా. నేను తీసుకెళ్తా ఊట దాకా."

"నీకు దగ్గు. తగ్గనీ."

జనవరి 3

గాలి. రేపు.

జనవరి 8

దుమాన్ బొచ్చు రాలుస్తున్నాడు. చేత్తో పట్టుకుంటే కుచ్చులుగా ఊడొస్తోంది. కింద నున్నగా, నిగనిగలాడుతోంది. వెచ్చగా ఉంటే ఒంటికి మంచిదే మరి. దిండుకి పనికొస్తుందని ఒక సంచీలో దాస్తున్నా.

జల్లెడ అడగడానికి వేసెల్ వచ్చాడు. ఊరి చివర దొడ్డిలో ఉంటాడు, కొన్ని ఇళ్ళ గొర్రెలు కాస్తాడు. గదిలోకి తొంగిచూసి అక్కడే ఆగిపోయాడు.

"ఎల్మాస్ పిన్నీ, ఇది ఏ నెల?"

"నీకు తెలీదా ఏంటి?"

"నాకు తెలుసు. వీడికే తెలీదు. వేసవి వచ్చేసిందనుకుంటున్నాడు, పాపం." వంగి దుమాన్ పాదం ఎత్తి చూశాడు. "అరికాళ్ళు మీ రొట్టెల్లాగే మెత్తబడ్డాయి. గోళ్ళు చూడండి, ఈ గోళ్ళతో రాతి మీద ఎలా నడుస్తాడు? బయటికి తీయండి పిన్నీ. ఒక్కసారిగా కాదు, రోజూ కాసేపు."

"నువ్వు నీ కుక్కల్ని చూసుకో నాయనా."

జల్లెడ ఇచ్చి పంపేశాను. ఊళ్ళో అందరి కళ్ళూ దుమాన్ మీదే. కుళ్ళు. దుమాన్‌లాంటివాడు వేసెల్ దొడ్లో ఒక్కడైనా ఉన్నాడా?

జనవరి 9

వేసెల్‌కి కుళ్ళు లేదు. రాశాను గానీ లేదు. గోళ్ళు కత్తిరించబోతే దుమాన్ కాలు లాక్కున్నాడు. రేపు చూస్తా.

జనవరి 19

హిదిర్ ఫోన్‌లో మొహం చూపించి మాట్లాడాడు. చిక్కిపోయాడు. "ఏదమ్మా, దుమాన్‌ని చూపించు."

"ఛార్జింగ్ లేదురా."

జనవరి 26

"ఇవాళ చూపిస్తావా?"

"చీకటి పడిందిరా, ఏం కనపడదు."

"రెండే కదమ్మా అయింది."

"మాకిక్కడ మబ్బు."

హిదిర్ అన్నాడు, "నేనిక్కడ రోజూ హాలులో ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తున్నానమ్మా. నడిచినంతసేపూ, దుమాన్ కూడా ఊటకి వెళ్తుంటాడు ఇప్పుడు అనుకుంటా. అలా అనుకుంటే నొప్పి తెలీదు."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు పొయ్యి దగ్గరే కూర్చున్నా. రేపు తప్పకుండా.

జనవరి 27

వాకిలి గుమ్మం దాకా తీసుకెళ్ళాను. చలికి వణికాడు. దుమాన్ వణకడం నేనెప్పుడూ చూడలేదు. మళ్ళీ లోపలికి తెచ్చేశా.

ఫిబ్రవరి 4

సాయా పండగ. గొర్రెల కడుపులో పిల్లకి బొచ్చు మొలిచే రోజు. పిల్లలు గొర్రెతోళ్ళు కప్పుకుని, గంటలు కట్టుకుని, ఇల్లిల్లూ తిరిగారు. మా వాకిట్లోనూ గంతులేశారు. గోధుమనూక, వెన్న ఇచ్చాను. పోయినేడు వీళ్ళని వాకిట్లోకి రానివ్వక దుమాన్ ఎంత గోల చేశాడంటే, హిదిర్ వాడి మెడ కౌగిలించుకుని కూర్చోవాల్సొచ్చింది. ఇవాళ తల ఎత్తాడు. మళ్ళీ పెట్టేశాడు.

ఫిబ్రవరి 12

సిగ్గుగా ఉంది. అయినా రాస్తా.

పొద్దున రుస్తెం ఆగా మనిషిని పంపాడు. పొగమంచు దట్టంగా ఉంది, గొర్రెల్ని నీళ్ళతొట్టి దాకా తోలాలి, తోడేళ్ళు దిగాయంటున్నారు, దుమాన్‌ని పంపమన్నాడు. ఎలా కాదనను? ఒంట్లో బాగాలేదని చెప్పాలనుకున్నా. చెబితే మంద పోతుంది. వాడు దుమాన్ కదా, బయటికెళ్తే అన్నీ గుర్తొస్తాయిలే అనుకున్నా. నిజంగా అలాగే అనుకున్నా.

నేనూ వెళ్ళాను, శాలువా చుట్టుకుని. వేసెల్ ముందు నడిచాడు, మధ్యలో గొర్రెలు, పక్కన దుమాన్. మొదట బాగానే నడిచాడు. గొర్రెల వాసనకి తోక పైకి లేచింది. నా ప్రాణం లేచొచ్చింది. గొర్రెలు మాత్రం వాణ్ణి చూసి పక్కకి జరిగాయి, తమవాడు కాదన్నట్టు. ఒంటినిండా తందూరు పొగ వాసన మరి.

మలుపు తిరిగాక వెనకబడ్డాడు. కాలివేళ్ళ మధ్య మంచు గడ్డకట్టుకుపోయింది, కూర్చుని దాన్ని నాక్కుంటున్నాడు. "లే నాయనా, లే" అన్నాను. లేచాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ కూర్చున్నాడు. రొప్పుతున్నాడు. అప్పుడే ముందు గొర్రెలు చెదిరాయి. వేసెల్ కేక. పొగమంచులో ఏమీ కనపడలేదు, గంటల చప్పుడు తప్ప. దుమాన్ విన్నాడు. విన్నాడని నాకు తెలుసు, చెవులు నిక్కాయి, గొంతులోంచి ఆ పాత గుర్రు వచ్చింది. లేచి పరుగెత్తాడు, వెనక కాళ్ళు పక్కకి జారిపోయాయి, పడ్డాడు. మళ్ళీ లేచాడు. మళ్ళీ పడ్డాడు.

తోడేళ్ళని వేసెల్ కుక్కలు తరిమేశాయి. కానీ రుస్తెం ఆగా గొర్రె ఒకటి పోయింది, చూడిది.

వేసెల్ వెనక్కొచ్చి మమ్మల్నిద్దర్నీ చూశాడు. తిడతాడనుకున్నా. వంగి, చేతి తొడుగులు తీసేసి, దుమాన్ వేళ్ళ మధ్య మంచుని ఊపిరితో కరిగిస్తూ కూర్చున్నాడు. "నడవగలరా పిన్నీ?" అని నన్నే అడిగాడు.

ఫిబ్రవరి 13

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

ఫిబ్రవరి 14

నాజిక్ నన్ను అడక్కుండా ఫోన్ తీసుకుని తందూరు గదిలోకి వెళ్ళింది. నేను గుమ్మంలో నిలబడ్డా. ఫోన్‌లో హిదిర్ మొహం. దుమాన్‌ని చూస్తున్నాడు, చాలాసేపు చూశాడు.

"అమ్మా, వీడి మెడ ఏదీ?"

నేను తలుపు చాటుకి జరిగాను.

"నాజిక్, మేకుల పట్టీ పెట్టి చూడు."

పెట్టింది. బక్కిల్ అందలేదు. ఇంకో చివర నుంచి లాగింది. అందలేదు. దుమాన్ పాపం మెడ చాచి నిలబడ్డాడు, వాడికి ఆ పట్టీ అంటే పని అని తెలుసు, తోక ఊపుతున్నాడు.

"చాలు, వదిలేయ్" అన్నాడు హిదిర్.

"తోడేళ్ళు నాయనా, కింది ఊళ్ళో..." అని మొదలుపెట్టాను.

"రోజూ అన్నావు కదమ్మా" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఫిబ్రవరి 16

వేసెల్ వచ్చి దుమాన్‌ని తన దొడ్డికి తీసుకెళ్ళాడు. హిదిర్ చెప్పాడట. పగలు కాసేపు కాసేపు నడిపిస్తాడు, రోజురోజుకీ పెంచుతాడు. పడక గొర్రెల మధ్య గడ్డిలో, బొచ్చు మళ్ళీ వచ్చేదాకా. అరికాళ్ళకి గొర్రెతోక కొవ్వు రాస్తాడు. మార్చిలో పెద్దలు కూర్చునేలోగా నిలబెట్టగలిగితే నిలబెడతానన్నాడు.

"నన్నేం చేయమంటావు?" అన్నాను.

"ఏమీ చేయొద్దు పిన్నీ."

నేను ఏమీ చేయకుండా ఉన్నది ఎప్పుడని?

ఫిబ్రవరి 20

చలికాలం చివర వెచ్చదనం మూడుసార్లు దిగుతుందంటారు మా వైపు, మొదటిది ఇవాళ గాలిలో పడిందట. నాకేం తెలియలేదు. మధ్యాహ్నం తందూరు గది తలుపు మీద గోకుడు. దుమాన్ తాడు కొరికేసి వచ్చాడు, తాడు ముక్క మెడకి వేలాడుతోంది. తలుపు తీశాను. ఒక్కసారికేగా. లోపలికొచ్చి తన గోడవారన ఎప్పటిలాగే ఢబ్బున పడ్డాడు. వెన్న రాసి ఇచ్చాను.

సాయంత్రం వేసెల్ వచ్చి తీసుకెళ్ళాడు. గుమ్మం దగ్గర ఆగి అన్నాడు, "పిన్నీ, నాలుగు రోజులుగా నేను కట్టింది మీరు ఒక్క పూటలో కూల్చారు. వాడు మళ్ళీ వస్తాడు. వస్తే మీ ఇష్టం."

ఫిబ్రవరి 27

రెండో వెచ్చదనం నీళ్ళలో పడింది. చూరు కారుతోంది.

వచ్చాడు.

నేను పిండి ముందు కూర్చుని ఉన్నా. గోకాడు. ఆగాడు. నా వాసన తెలుస్తూనే ఉంటుంది వాడికి, తలుపు కింద సందుంది, అందులోంచి ముక్కు కనపడుతోంది, నల్లగా, తడిగా. నేను చేతులు రెండూ పిండిలోకి దించి ఉంచాను, తీయకుండా. నాజిక్ తందూరు దగ్గర నుంచి లేచొచ్చి నా పక్కన కూర్చుంది. వాడు మూలిగాడు, పెద్ద కుక్క చిన్నపిల్లలా మూలగడం. తర్వాత ముక్కు కనపడలేదు. మంచులో అడుగుల చప్పుడు కాసేపు వినిపించింది.

నాజిక్ నా చేతుల్లోంచి పిండి తీసుకుని తనే పిసికింది. నేను ఆ గిన్నెలోకి చాలానే ఏడ్చాను. "ఉప్పు వేయక్కర్లేదు ఇవాళ" అంది. అలా అంటుంది నాజిక్.

మార్చి 6

మూడో వెచ్చదనం నేలలో పడింది. రంజాన్ ఉపవాసాలు నడుస్తున్నాయి. దుమాన్ రాలేదు.

రానందుకు సంతోషించాలి.

మార్చి 10

రాలేదు. తలుపు కింద సందులోంచి వెలుగు తప్ప ఏమీ లేదు.

డిసెంబరులో తోడేళ్ళ భయమని రాశాను. భయం నిజమే. కానీ తోడేళ్ళు ఊట దగ్గరే ఉన్నాయి, వాకిట్లోకి ఒక్కసారీ రాలేదు. హిదిర్ వెళ్ళాక ఆ గదిలో నాకు ఇంకో ఊపిరి వినపడింది. అంతే.

మార్చి 14

శుక్రవారం ప్రార్థన అయ్యాక మసీదు ముందు పెద్దలు కూర్చున్నారు. మేం ఆడవాళ్ళం గోడ ఇవతల. రుస్తెం ఆగా గొంతు వినపడింది. "దుమాన్ లేస్తున్నాడు, కాదనను. వేసెల్ కష్టం కనపడుతోంది. కానీ హిదిర్ కర్ర పట్టుకుని నడుస్తాడు, కుక్క ఇంకా సగమే అయింది. రెండు సగాలకి ఊరి గొర్రెలన్నీ ఎలా ఇవ్వను?"

మంద వేసెల్‌కి ఇచ్చారు.

వెళ్ళబోతూ ఆగా నా దగ్గర ఆగాడు. "చెల్లీ, నేను ముందే చెప్పాను."

"చెప్పావన్నా."

మార్చి 15

ఉపవాసం విడిచాక హిదిర్‌కి నేనే చెప్పాను. నాజిక్ చెబుతానంది, వద్దన్నాను.

"తెలుసమ్మా, వేసెల్ చేశాడు ఫోన్. దుమాన్‌ని కూడా వాడితోనే పంపిస్తున్నా."

"దుమాన్‌ని ఎందుకురా? వాడు మనవాడు!"

"మంద లేకుండా వాకిట్లో కట్టేసి ఉంచితే ఏమవుతాడో చూశాం కదా."

తిట్టరా అన్నాను. ఒక్కసారి తిట్టు, నా బరువు తగ్గుతుంది. గుల్ఫెర్ టీ తెచ్చింది, చల్లారిపోతోందమ్మా అని ఫోన్ పెట్టేశాడు.

మార్చి 31

రంజాన్ పండగ రెండో రోజు. హిదిర్ నిన్న ఇంటికొచ్చాడు. నా చెయ్యి ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు, ఎప్పటిలాగే. అది చాలు అనుకోవాలి. వాకిలి దాటుతూ దుమాన్ పడుకునే ఆ గుంటవైపు చూశాడు, మంచు కరిగిపోయింది. తందూరు గదివైపు చూడలేదు.

ఏప్రిల్ 2

హిదిర్ దొడ్డికి వెళ్ళాడు, కర్ర మీద, దారిలో మూడుచోట్ల ఆగుతూ. నేను వెనకాల దూరంగా వెళ్ళాను. చూడకుండా ఉండలేకపోయా.

దుమాన్ కొండవాలు మీద ఉన్నాడు. గుర్తుపట్టలేదు నేను మొదట. మెడ వచ్చింది. బొచ్చు పూర్తిగా రాలేదు, వీపు మీద ఇంకా పల్చగా ఉంది, కానీ కాళ్ళు, ఆ కాళ్ళు! హిదిర్ ఈల వేయలేదు, పిలవలేదు. ఊరికే నిలబడ్డాడు. దుమాన్ చూసి, ఒక్క ఊపున కిందికి దూకి వచ్చి, తల హిదిర్ చంకలో దూర్చాడు. కర్ర పడిపోయింది. హిదిర్ వాడి మీదే ఆనుకుని నిలబడ్డాడు. ఎంతసేపో.

పైనుంచి వేసెల్ ఈల. గొర్రెలు కదిలాయి. దుమాన్ తల తీసి అటు చూశాడు, ఇటు చూశాడు.

"వెళ్ళరా" అన్నాడు హిదిర్. "వెళ్ళు, పనుంది."

వెళ్ళాడు. ఊరికే వెళ్ళలేదు, పరుగెత్తాడు. మంచు కరిగి బురదైన వాలు మీద రాయి మీంచి రాయికి, జారకుండా.

హిదిర్ కర్ర తీసుకోవడానికి వంగలేకపోయాడు. నేను వెళ్ళి ఇచ్చాను. నేను వెనకాలే వచ్చానని తెలుసు కాబోలు, ఆశ్చర్యపోలేదు.

"బాగున్నాడమ్మా. ఎప్పుడూ లేనంత బాగున్నాడు."

ఆ మాట గుచ్చుకున్నట్టు ఇంకేదీ గుచ్చుకోలేదు నన్ను ఈ చలికాలమంతా. బాగున్నాడు. నా కళ్ళెదుట పాడై, నా కళ్ళు దాటాక బాగయ్యాడు. బాగయ్యాక మనవాడు కాకుండా పోయాడు.

ఏప్రిల్ 9

హిదిర్ ఇవాళ ఇతరుల గొర్రెల గిట్టలు కత్తిరించడానికి వెళ్ళాడు, కూర్చుని చేసే పని. నాజిక్ వెంట వెళ్ళింది. నేను తందూరు గది ఊడ్చాను. ఎంత ఊడ్చినా బొచ్చు వస్తూనే ఉంది.

ఏప్రిల్ 20

వేసెల్ వచ్చాడు, మంద వేసవి మేతకి కొండ పైకి వెళ్ళే ముందు చెప్పి వెళ్ళడానికి. టీ తాగాడు. వెళ్ళబోతుంటే అడిగాను, ఒక్కసారి దుమాన్‌ని చూడొచ్చా అని. హిదిర్ తల దించుకుని టీ కలుపుతున్నాడు, గ్లాసులో టీ అయిపోయింది, ఇంకా కలుపుతూనే ఉన్నాడు.

వేసెల్ ఆలోచించాడు. "పైకెళ్ళి కొన్నాళ్ళు కుదురుకోనీ పిన్నీ. తర్వాత రండి. కానీ గాలి మందవైపు నుంచి మీవైపు వీచే చోట నిలబడాలి. మీ వాసన తగిలితే మందని వదిలేసి వస్తాడు."

"అయితే వాడికి నేనొచ్చినట్టు తెలీదు."

"తెలీదు పిన్నీ."

"సరే" అన్నాను. ఇంకేం అనను?

"నేనూ వస్తానమ్మా" అన్నాడు హిదిర్, గ్లాసులోంచి తల ఎత్తకుండానే. "ఏ వైపు నిలబడాలో నేను చూపిస్తా. అక్కడి గాలి నీకు తెలీదు."

మంద మే ఆరో తారీఖున పైకి వెళ్తుంది. మేమిద్దరం వెళ్ళేది మే పదకొండు, ఆదివారం పొద్దున.